రాయి కాలేదాకా ఆగు

చిరంజీవి బుజ్జికి,

పెద్దమ్మ ఆశీస్సులు. గ్రిల్ కొన్నావనీ, శనివారం పెరట్లో పిజ్జాలు చేస్తున్నావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. డాలస్ వచ్చినప్పటి నుంచీ నేనూ అదే పనిలో ఉన్నా కాబట్టి రాస్తున్నా.

ముందు పిజ్జా కాల్చే రాయి సంగతి. ఇంట్లో ఉందికదా అని మెరుపు పూత వేసిన పింగాణీ పళ్లెం మంట మీద పెట్టకు, పగులుతుంది. వేడిని బాగా తట్టుకునే కార్డియరైట్ రాయి అని అడిగి కొను. ఎంత మంచి రాయైనా చల్లటి గ్రిల్‌లో పెట్టాకే మంట వెలిగించాలి. పది నిమిషాలు సన్నమంట, తర్వాత పెద్దమంట. మూత వేసి మొత్తం నలభై నిమిషాలైనా వదిలెయ్. మూత మీది ముల్లు ముందే 500 ఫారెన్‌హీట్ చూపిస్తుంది, నమ్మకు. అది గాలి వేడి. రాయి వేడి ఇంకా వెనకబడే ఉంటుంది. గురిపెట్టి చూసే థర్మామీటర్ గన్ ఒకటి కొనుక్కో. రాయి నడుమ 550, 600 మధ్య ఉంటే అప్పుడు పిజ్జా వెయ్యి.

నా మొదటి రాయిని నేనే పగలగొట్టుకున్నా. పెనం కాలిందా అని దోసె వేసేముందు నీళ్లు చిలకరిస్తాం చూడు, చెయ్యి ఊరుకోక అదే చేశా. టప్‌మంది, రెండు ముక్కలు! మీ పెదనాన్న వారం రోజులు నవ్వారు. నీళ్లే కాదు, నూనె కూడా రాయొద్దు. సబ్బుతో కడగొద్దు, చల్లారాక గీకితే చాలు. నల్లమచ్చలు పోవు, పోనక్కర్లేదు.

పిండి ముందురోజే కలుపు. అరకిలో బ్రెడ్ ఫ్లోర్‌కి 325 గ్రాముల నీళ్లు, 10 గ్రాముల ఉప్పు, అర టీస్పూన్ ఈస్ట్. మూడు పిజ్జాలవుతాయి. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, చేసే ముందు రెండు గంటలు బయట పెట్టు. చల్లటి పిండి ఎంత లాగినా ముడుచుకుపోతుంది. అప్పడాల కర్ర వద్దు, చేత్తోనే ఒత్తు. చెక్క పలక మీద బొంబాయి రవ్వ చల్లి, పిజ్జా పెట్టి, ఒక్కసారి ఊపి చూడు. కదలకపోతే అంచు ఎత్తి ఇంకాస్త రవ్వ వెయ్యి. అంటుకున్న పిజ్జాని రాయి మీదికి జార్చబోతే చీజ్ అంతా మంటలో పడుతుంది.

ఇటలీలో నేపుల్స్ కట్టెల పొయ్యిలో ఒకటి ఒకటిన్నర నిమిషంలో అయిపోతుందంటే అక్కడ పైకప్పూ కాలుతూ ఉంటుంది. మన గ్రిల్‌కి వేడంతా కిందే. అందుకే అడుగు మాడి, పైన చీజ్ పచ్చిగా ఉండిపోతుంది. మంట వెలిగించే ముందే పొడి ఇటుకలు రెండు పెట్టి రాయిని మూతకి దగ్గరగా ఎత్తు. పిజ్జా వేశాక రాయి కింది బర్నర్ తగ్గించి, పక్కవి పెద్దగా ఉంచు. ఆరు నుంచి ఎనిమిది నిమిషాలు, మధ్యలో ఒక్కసారి తిప్పడానికే మూత తీయి. తాజా మొజరెల్లా అయితే బట్టలో వేసి నీళ్లు పిండేసి వాడు. పైన కుప్ప పోయకు, చికెన్ ముందే వండుకో.

రెండో పిజ్జాకి ముందు ఐదు నిమిషాలు ఆగు, రాయి మళ్లీ వేడెక్కాలి. పిల్లలు గోల చేస్తే చిప్స్ ఇవ్వు. అంతా అయ్యాక గ్యాస్ కట్టేసి, మూత వేసి పడుకో. రాయిని పొద్దున్నే తియ్యి.

మీ పెద్దమ్మ