ఇంట్లో బైండింగ్ మెషీన్ కొనాలా? ముందు మీరు బైండ్ చేసేది ఏమిటో తేల్చుకోండి

"ఆల్బమ్‌లు, డైరీలు, చిన్న నోట్‌బుక్‌లు సొంతంగా చేసుకుంటుంటాను. ఇంట్లో పెట్టుకునే బైండింగ్ మెషీన్ ఒకటి కొంటే ఉపయోగపడుతుందా, లేక దండగా?" అన్నది ప్రశ్న.

నోట్‌బుక్‌ల కోసమైతే దండగ. ఆల్బమ్‌ల కోసమైతే కొనొచ్చు, కానీ ఇప్పుడు మీ కంటికి నచ్చి కార్ట్‌లో పెట్టుకున్నది మాత్రం బహుశా కాదు. డైరీలు, ఆల్బమ్‌లు అని రెండిటినీ మీరు ఒకే గాటన కట్టేశారు చూడండి, తిరకాసంతా అక్కడే ఉంది. డైరీ అంటే పల్చటి కాగితాలు, అంచు నుంచి అంచు దాకా ఒకే మందం. ఆల్బమ్ అంటే అట్టలు, వాటి మీద ఫొటోలు, ఫొటోల మీద రిబ్బన్లు, గుండీలు, ఎండిన ఆకులు, ఇంకా ఏం దొరికితే అవి. ఈ రెండిటికీ ఒకే మెషీన్ పనికొస్తుందని అమ్మేవాళ్లు అంటారు, అనక ఏం చేస్తారు.

మా అక్క దగ్గర ఒక వైర్ బైండింగ్ మెషీన్ ఉంది. పంచ్ చేసే పిడి ఒక వైపు, వైర్ నొక్కే గాడి ఇంకో వైపు, బరువు మాత్రం ఒక చేత్తో ఎత్తలేనంత. తన ఆఫీసులో పెద్దావిడ ఒకరు రిటైర్ అవుతుంటే అందరి దగ్గరా పాత ఫొటోలు, రెండేసి వాక్యాలు పోగుచేసి ఆల్బమ్ చేస్తానని ఒప్పుకుంది. పేజీలు మాత్రం అద్భుతంగా చేసింది, అది ఒప్పుకోవాలి. 300 జీఎస్ఎం అట్ట (అంటే చదరపు మీటరుకు 300 గ్రాములు తూగేది), ప్రతి పేజీకీ ఒక ఫొటో, దాని చుట్టూ కత్తిరించిన పూలు, కొన్ని చోట్ల చిన్న కవర్ అంటించి అందులో చీటీ. పొద్దున ఫంక్షన్ అనగా రాత్రి నాకు ఫోన్ చేసి "ఒరేయ్, ఒకసారి రా, బైండింగ్ ఒక్కటే మిగిలింది" అంది. ఆ "ఒక్కటే" అన్న మాట విన్నప్పుడే నాకు అనుమానం వచ్చింది.

పంచింగ్ బాగానే సాగింది. పెట్టె మీద ఒకేసారి ఇన్ని కాగితాలు పంచ్ చేస్తుందని గొప్పగా రాసి ఉంటుంది కదా, ఆ లెక్క మామూలు ప్రింటర్ కాగితానిది, అట్టకు కాదు. అట్టలు ఒక్కొక్కటిగానే పెట్టాం. చిల్లులు నీటుగా, నలుచదరంగా పడ్డాయి. వైర్ గాడిలో నిలబెట్టి దాని పళ్లకు పేజీలు ఒక్కొక్కటే తగిలించాం, పిడి నొక్కాం, వైర్ మూసుకుంది. పుస్తకం మాత్రం మూసుకోలేదు.

వెన్ను దగ్గర మందం చూస్తే సరిగ్గా పట్టింది, ఎందుకంటే అక్కడ ఉన్నవి ఉత్త అట్టలే. కానీ బయటి అంచు వైపు ఫొటోలు, పూలు, చీటీల కవర్లు కలిసి రెట్టింపు మందం. పుస్తకం బల్ల మీద పెడితే పై అట్ట మొసలి నోరు తెరిచినట్టు లేచి నిలబడింది. బరువు పెట్టి నొక్కితే వైర్ దగ్గర చిల్లులు సాగడం మొదలుపెట్టాయి, ఒక పేజీలో రెండు చిల్లుల మధ్య కాగితం తెగింది కూడా.

"అక్కా, దీనికంటే పెద్ద వైర్ లేదా?"

"ఎందుకు లేదు, ఉంది" అంటూ సొరుగులోంచి తీసింది. చక్కగా లావుగా ఉంది. పేజీకి ఆనించి చూస్తే వైర్ పళ్లకూ మా చిల్లులకూ పొంతన లేదు. మొదటి పన్ను చిల్లులోకి వెళ్తే రెండోది కాగితానికి గుచ్చుకుంటోంది.

ఇదండీ ఎవరూ చెప్పని సంగతి. వైర్ బైండింగ్‌లో పిచ్ అని ఒకటి ఉంటుంది, అంగుళానికి ఎన్ని చిల్లులు అన్న లెక్క. 3:1 అంటే అంగుళానికి మూడు, 2:1 అంటే రెండు. ఏ4 కాగితం పొడుగు వైపు 3:1లో 34 చిల్లులు పడతాయి, 2:1లో 23. సన్న పుస్తకాలకు 3:1 బాగుంటుంది, చూడ్డానికి కూడా ముచ్చటగా ఉంటుంది. కానీ ఆ పిచ్‌లో వైర్ సాధారణంగా 14.3 మిల్లీమీటర్ల వ్యాసం దగ్గర ఆగిపోతుంది. అంతకంటే లావు వైర్ కావాలంటే 2:1కి పోవాల్సిందే. మెషీన్ ఏ పిచ్‌లో చిల్లులు పొడిస్తే జీవితాంతం ఆ పిచ్ వైరే కొనాలి. 14.3 వైర్‌లో మామూలు 80 జీఎస్ఎం కాగితాలు 120 దాకా పడతాయి, నోట్‌బుక్‌కి అది ఎక్కువే. ఆల్బమ్‌కి మాత్రం చాలదు. పెట్టె మీద పిచ్ రాసే ఉంది, కాకపోతే అడుగు వైపు, చీమ తలకాయంత అక్షరాల్లో. పైన మాత్రం నవ్వుతున్న అమ్మాయి చేతిలో ఇంత లావు ఆల్బమ్ ఫొటో.

ఇక చేసేదేముంది, ఆల్బమ్‌ని రెండు భాగాలు చేశాం. ఎక్కడ విడగొట్టాలన్న దగ్గర అక్కకూ నాకూ పెద్ద వాదన. ఒక గ్రూప్ ఫొటో ఎదురెదురు పేజీల్లో సగం సగం వచ్చేలా అంటించింది, లెక్క ప్రకారం సగానికి విరిస్తే అది రెండు పుస్తకాల్లోకి పోతుంది. చివరికి మొదటి భాగం సన్నగా, రెండోది బొద్దుగా వచ్చాయి. బొద్దుదానిలో వెన్ను దగ్గర ప్రతి రెండు పేజీల మధ్యా సన్నటి అట్ట ముక్క, అంటే అంచు వెంబడి ఒక పట్టీ, చిల్లులు పొడిచి ఇరికించాం. దాంతో వెన్ను కూడా లావెక్కి పుస్తకం సమంగా కూర్చుంది. మీరు ఆల్బమ్‌లు చేసేవారైతే ఈ పట్టీల ఉపాయం గుర్తుపెట్టుకోండి, బొమ్మలు అంటించే ఏ పుస్తకానికైనా పనికొస్తుంది. చేసే పని ఏదో మొదట్లోనే చేసుకుంటే అర్ధరాత్రి కూర్చుని పట్టీలు కత్తిరించే టెన్షన్ ఉండదు.

వీడియోల గురించి ఒక మాట చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. వాటిలో పేజీలు ముందే కొలత ప్రకారం కత్తిరించి ఉంటాయి. మ్యూజిక్ వస్తుంటుంది, రెండు నొక్కుళ్లు నొక్కగానే పుస్తకం తయారు. కత్తిరించడం ఎవడూ చూపించడు. చేసి చూసినవాళ్లకు తెలుసు, పనంతా కత్తిరించడంలోనే ఉంటుంది. పేజీల అంచులు ఒక మిల్లీమీటర్ అటూ ఇటూ అయితే ఎంత ఖరీదైన మెషీన్ పెట్టినా పుస్తకం నాసిగానే కనిపిస్తుంది, అదే అంచులు సమంగా ఉంటే చేత్తో కుట్టినా ఎక్కడ కొన్నారు అని అడుగుతారు. కాబట్టి డబ్బులు పెట్టి తీరాలనుకుంటే ముందు మంచి కట్టర్, ఇనుప స్కేలు, కింద పరుచుకునే కటింగ్ మ్యాట్ కొనండి. వాటి తర్వాతే ఏదైనా.

కాగితానికి పోగు, అంటే లోపలి నారలు సాగే దిశ, ఒకటి ఉంటుందని కూడా ఆ వీడియోలు చెప్పవు. కాగితాన్ని మడత పడకుండా మెల్లగా వంచి చూడండి, ఒక వైపు తేలిగ్గా వంగుతుంది, ఇంకో వైపు మొరాయిస్తుంది. తేలిగ్గా వంగే దిశలో మడత పెడితే నునుపుగా వస్తుంది, అడ్డంగా పెడితే అట్ట పగులుతుంది, పేజీలు ఎప్పటికీ తిన్నగా పడుకోవు. మనం కొనే ఏ4 కాగితాల్లో ఎక్కువ వాటికి పోగు పొడుగు వైపే ఉంటుంది. వాటిని సగానికి మడిచి ఏ5 పుస్తకం చేస్తే మడత పోగుకు అడ్డంగా పడుతుంది. పల్చటి కాగితానికి పెద్ద తేడా తెలియదు కానీ కవర్ అట్టకు మాత్రం తప్పకుండా చూసుకోవాలి.

నోట్‌బుక్‌లకు మెషీన్ దండగ అన్నాను కదా. వాటికి సూది, మైనం పూసిన దారం, చిల్లులు పొడవడానికి ఒక ఆరె చాలు. నాలుగైదు కాగితాలు కలిపి మడవండి, మడత మీద స్కేలు అంచుతో గట్టిగా రుద్దండి, మడత లోపలి నుంచి మూడు చిల్లులు పొడవండి. సూది లోపలి వైపు నుంచి మధ్య చిల్లులోంచి బయటికి తీసి, పై చిల్లులోంచి లోపలికి, లోపల మధ్య చిల్లును దాటేసి కింద చిల్లులోంచి బయటికి, మళ్లీ మధ్య చిల్లులోంచి లోపలికి. దారం రెండు కొసలూ లోపల ఉన్న పొడుగు కుట్టుకు చెరో పక్కన ఉండేలా చూసి దాని మీదుగా ముడి వేయండి. అంతే, నోట్‌బుక్ అయిపోయింది. టీవీ చూస్తూ కుట్టొచ్చు. దాని మీద చేయి తిరిగాక ఇలాంటి కట్టలు అనేకం కలిపి, కట్టను కట్టతో గొలుసులా ముడివేస్తూ పోయే కాప్టిక్ కుట్టు కుట్టారనుకోండి, వైర్ పుస్తకంలాగే బల్ల మీద పూర్తిగా పరుచుకుంటుంది. జపాన్ తరహా అంచు కుట్టు చూడ్డానికి చాలా అందంగా ఉంటుంది కానీ పుస్తకం పూర్తిగా విచ్చుకోదు, రాసుకునే డైరీకి దాని జోలికి పోకండి.

కుట్టు నిలుస్తుందా అని అడిగేవాళ్లకు నేనెప్పుడూ చెప్పేది ఒక్కటే. ఇంగ్లండ్‌లో సెయింట్ కత్‌బర్ట్ గాస్పెల్ అని అరచేతిలో పట్టే పుస్తకం ఒకటుంది, 138 బై 92 మిల్లీమీటర్లు. ఎనిమిదో శతాబ్దం మొదట్లో కుట్టింది. ఒక సాధువు శవపేటికలో ఉండిపోయి, 1104లో పేటిక తెరిచినప్పుడు బయటపడింది. 2012లో బ్రిటిష్ లైబ్రరీ దాన్ని 90 లక్షల పౌండ్లు పెట్టి కొన్నది. ఇప్పటికీ అదే కుట్టు, అదే తోలు అట్ట. వైర్ బైండింగ్ పుస్తకం బ్యాగులో నాలుగు నెలలు తిప్పి చూడండి, వైర్ నొక్కుకుపోయి పేజీలు ఒక్కోచోట ఇరుక్కుంటాయి, ఒక్కోచోట ఊడిపోతాయి. దీనికి ఎవరైనా ఎదురు చెప్తారేమో, నేను మాత్రం వినను.

మరి మెషీన్ ఎవరికి? ఒకే రకం పుస్తకాలు పదులకొద్దీ చేసి అమ్మేవాళ్లకి, క్యాలెండర్లు చేసేవాళ్లకి, మందపాటి అట్టల ఆల్బమ్‌లు తరచూ చేసేవాళ్లకి. సూదితో అట్ట కుట్టడం నరకమే, ఆ మాట నిజం. మీరు ఆ కోవలోకి వస్తే 2:1 పిచ్ పంచ్ చేసేదే తీసుకోండి, పల్చటి పుస్తకాలకు కాస్త మొరటుగా కనిపించినా లావు వైర్ దొరుకుతుంది. పేజీలు తరచూ తీసి మార్చుకునే ప్లానర్ అయితే, అంచున వరసగా ఉండే గుండ్రటి బిళ్లలకు పేజీలు తగిలించే డిస్కుల పద్ధతి నయం, పేజీ లాగితే వస్తుంది, నొక్కితే కూర్చుంటుంది. ప్లాస్టిక్ దువ్వెన బైండింగ్‌లోనూ పేజీలు మార్చుకోవచ్చు కానీ ఎంత అందంగా చేసినా ఆఫీసు రిపోర్టులాగే ఉంటుంది. ఇవన్నీ ఒకే మెషీన్లో అని చెప్పేవి ఏ పనీ తిన్నగా చేయవు.

మెషీన్‌లో చూడాల్సింది ముఖ్యంగా పంచ్ పిన్నులు. ఒక్కో పిన్నును వెనక్కి లాగి పనిచేయకుండా ఆపే వీలుండాలి. లేకపోతే మీ పేజీ సైజు మారినప్పుడల్లా అంచున సగం చిల్లు పడి పేజీ కొరికినట్టు ఉంటుంది. అంచుకూ చిల్లుకూ మధ్య దూరం మార్చుకునే మీట ఉంటే ఇంకా మంచిది, లావు పుస్తకాలకు చిల్లులు కాస్త లోపలికి పడాలి. వైర్ నొక్కేటప్పుడు మరీ నొక్కితే గుండ్రం పోయి కోడిగుడ్డు ఆకారంలోకి వస్తుంది, తక్కువ నొక్కితే సందులోంచి పేజీలు జారిపోతాయి. అందుకే ఎంతవరకు నొక్కాలో ఆపే అడ్డు ఉందో లేదో చూడండి. వైర్ అతుకు బయటికి కనిపించకుండా ఉండాలంటే చివరి అట్టను ముందు అట్ట మీద, దాని బయటి వైపు కిందికి ఉండేలా పెట్టి తగిలించండి. వైర్ మూశాక ఆ అట్టను వెనక్కి తిప్పేస్తే అతుకు లోపల దాక్కుంటుంది.

ఎవరిదైనా పాతది అమ్మకానికి వస్తే వాళ్లిచ్చే కాగితంతో కాకుండా మీరు వాడే అట్టే రెండు ముక్కలు తీసుకెళ్లండి. రెండూ పంచ్ చేసి, ఒకదాన్ని వెనక్కి తిప్పి రెండోదాని మీద పెట్టి వెలుతురుకు పట్టుకోండి. చిల్లులన్నీ ఒకదాని మీద ఒకటి పడితే సరే. అన్నీ ఒకే వైపుకు జరిగి ఉంటే పక్కనున్న గైడ్ కదిలించి మళ్లీ చూడండి. కొన్ని పడి కొన్ని పడకపోతే పిన్ను వంగిందన్నమాట, ఎంత చవకగా ఇచ్చినా వద్దనండి.