ఆల్బినో గోఫర్ పామును ఎంచుకునే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. అన్నింటి కిందా ‘ఆల్బినో గోఫర్’ అనే రాసి ఉంది కాబట్టి ఏది తీసుకున్నా ఒకటే అనుకుంటున్నావు. ఒకటి కావు. డబ్బు కట్టేముందు ఇది చదువు.

ఆల్బినో పాముకు కొత్తగా వచ్చే రంగేమీ లేదు, ఉన్న నలుపు పోతుంది. మెలనిన్ తయారు కాకపోవడంతో నలుపు, గోధుమ ఛాయలు తొలగి, వాటి చాటున ఉన్న పసుపు, నారింజ, గులాబి బయటపడతాయి. అందుకే మొదట ఉపజాతి అడగాలి. గోఫర్ పాములోని ఉపజాతులైన శాన్ డియాగో, గ్రేట్ బేసిన్, సోనోరన్, బుల్ స్నేక్ అన్నీ పశ్చిమ, మధ్య ఉత్తర అమెరికా పాములే అయినా, వీపు మీది మచ్చల తీరూ, ఆ మచ్చల మధ్య కనిపించే ఒంటి రంగూ వేరు. నలుపు తీసేశాక మిగిలే అందం కూడా ఆ మేరకు వేరుగా ఉంటుంది. ఉపజాతి చెప్పలేని అమ్మకందారు దగ్గర కొనవద్దు. రెండు ఉపజాతులను కలిపి పుట్టించిన పిల్లను శుద్ధమైన వంశంగా అమ్మడం నాకు అసలు నచ్చదు.

తర్వాత కళ్లు చూడు. ఆల్బినోకు కంటిపాప ఎర్రగా మెరుస్తుంది. నీ రెండో ఫొటోలోని పాము లేత రంగులో ఉన్నా కళ్లు నల్లగా ఉన్నాయి. అది హైపో అయి ఉండవచ్చు, అంటే నలుపు తగ్గింది గాని పూర్తిగా పోలేదు. హైపో కూడా చక్కని పామే, ఆల్బినో ధర మాత్రం ఇవ్వకు. మంచులా తెల్లగా ఉన్నదాన్ని స్నో అంటారు. దానిలో ఆల్బినో లక్షణంతో పాటు పసుపు, ఎరుపు తగ్గించే మరో లక్షణం కలిసి ఉంటుంది. రెంటినీ గుప్తంగా మోసే తల్లిదండ్రులకు పుట్టే పిల్లల్లో సగటున 16లో ఒకటే అలా వస్తుంది కనుక ఖరీదు ఎక్కువ.

ముందు ముందు జత కట్టించాలని ఉంది అన్నావు. అయితే ఇది బాగా గుర్తుంచుకో. ఆల్బినో లక్షణం తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా అందితేనే బయటపడుతుంది. ఒక వైపే అందినది మామూలు పాములాగే కనిపిస్తుంది, దాన్నే హెట్ అంటారు. రెండు హెట్‌లను కలిపితే నాలుగింట ఒకటి ఆల్బినో. మిగిలిన మామూలు పిల్లలను ‘66 శాతం హెట్’ అని అమ్ముతారు. ఆ పిల్ల హెట్ కావడానికి మూడింట రెండు పాళ్లు అవకాశం ఉందని మాత్రమే దాని అర్థం, హామీ కాదు. ఇంకో చిక్కు ఉంది. ఆల్బినోలన్నీ ఒకే జన్యువు వల్ల రావు. మెలనిన్ అసలే లేని టీ మైనస్ ఒకటి, కాస్త గోధుమ లేదా లావెండర్ ఛాయ మిగిలే టీ ప్లస్ మరొకటి (టీ అంటే మెలనిన్ తయారీకి కావలసిన టైరోసినేజ్ అనే ఎంజైమ్). వేర్వేరు జన్యువుల ఆల్బినోలను జత కట్టిస్తే, గుడ్లను రెండు నెలలకు పైగా కాచుకున్నాక పిల్లలన్నీ మామూలు రంగులోనే బయటికి వస్తాయి. కాబట్టి తల్లిదండ్రుల వివరాలు రాయించుకుని దాచిపెట్టు.

పిల్లప్పటి రంగు చూసి మోజు పడకు. పెరిగేకొద్దీ పసుపు సాధారణంగా చిక్కబడుతుంది. ఎర్ర బల్బు వెలుగులో తీసిన ఫొటో నమ్మకు, కుబుసం విడిచాక పగటి వెలుతురులో తీసినది అడుగు. వీలైతే పెద్దయిన తోబుట్టువుల ఫొటోలు కూడా.

పెంపకంలో తేడా పెద్దగా లేదు. తీక్షణమైన దీపం మాత్రం వద్దు, ఆ కళ్లు వెలుగును తట్టుకోలేవు. దాక్కోవడానికి రెండు చోట్లు, ఒక వైపు 30 డిగ్రీల వెచ్చదనం, మరో వైపు చల్లదనం చాలు. ఇలాంటి పామును ఇంట్లో ఉంచుకోవడానికి నువ్వుండే చోట చట్టం ఒప్పుతుందో లేదో ముందే కనుక్కో. అడవిలో పట్టినదైతే ఎంత అందంగా ఉన్నా ముట్టుకోకు.

తీసుకునే రోజు నీ ఎదుటే ఎలుకను తినిపించమను. తినకపోతే మరో వారం ఆగు. చేతిలోకి తీసుకోగానే బుసకొట్టి తోక ఆడిస్తే బెదరకు. విషం లేని పాము ఇది, తోకతో గిలక చప్పుడు చేసే విషపు రాటిల్ స్నేక్‌లా నటించి భయపెట్టడం దాని స్వభావం. ఓపికగా పట్టుకుంటూ ఉంటే చాలావరకు శాంతిస్తుంది. మంచి సంరక్షణలో ఇరవై ఏళ్లు దాటి బతకగలదు, ఆ లెక్క వేసుకునే కొను.

నీ పెదనాన్న