వద్దనేదేదో గడపలోనే అనెయ్ అల్లుడూ

అమీర్‌పేట, హైదరాబాద్

అల్లుడూ,

నిన్న ఫోన్లో నీ గొంతు వినగానే తెలిసిపోయింది, రాత్రంతా మాదాపూర్ ఆఫీసులోనే ఉన్నావని. మీ అమ్మకు మాత్రం చెప్పకు. మెయిల్ సర్వర్ క్యూ నిండా మెయిలర్ డీమన్ (సర్వర్ తనంతట తాను పంపే మెయిళ్ల మీద ఉండే పేరు) పేరుతో బౌన్సులే, అంటే ‘మెయిల్ చేరలేదు’ అనే జవాబులే ఉండేసరికి సర్వర్ హ్యాక్ అయిందని కంగారుపడ్డావు. నువ్వు చదివి వినిపించిన లాగ్‌ను బట్టి అది హ్యాక్ కాదు. బయటి మెయిల్ పుచ్చుకుని లోపలి సర్వర్‌కి అందించే నీ రిలే సర్వర్‌కి మొహమాటం ఎక్కువ, అంతే.

ఏ పేరుకు మెయిల్ వచ్చినా అది ‘250 ఓకే’ (సరే, తీసుకున్నా) అని పుచ్చేసుకుంటోంది. తీరా మెయిల్‌బాక్సులున్న లోపలి సర్వర్ ‘550, అలాంటి యూజర్ లేడు’ అంటోంది. ఒకసారి పుచ్చుకున్నాక చేర్చాలి, లేదా చేరలేదని పంపినవాడికి చెప్పాలి. మెయిల్ నియమాల పత్రం ఆర్‌ఎఫ్‌సీ 5321 చెప్పేది అదే. స్పామ్‌లో పంపినవాడి అడ్రస్ దొంగది కాబట్టి నీ బౌన్స్ ఏ పాపం ఎరుగని వాడి ఇన్‌బాక్స్‌లో పడుతుంది. దీన్నే బ్యాక్‌స్కాటర్ అంటారు. స్పామ్ పంపింది వేరేవాడైనా బ్లాక్‌లిస్ట్‌కెక్కేది నీ ఐపీ.

అదే గడపలోనే, అంటే రిలే మెయిల్ పుచ్చుకోకముందే, 550 అనేస్తే నువ్వు బౌన్స్ రాయాల్సిన పనే లేదు. నిజంగా స్పెల్లింగ్ తప్పు కొట్టినవాడికి అతని సర్వరే చెబుతుంది. స్పామ్ బాట్ అయితే సాధారణంగా దాని దారిన అది పోతుంది.

నీ రిలే నడిపే మెయిల్ సాఫ్ట్‌వేర్ పోస్ట్‌ఫిక్స్‌లో రిలే_రెసిపియెంట్_మ్యాప్స్ అనే సెట్టింగ్ ఖాళీగా ఉంటే రిలే డొమైన్లకు వచ్చే ప్రతి పేరునూ ఒప్పుకుంటుంది. మామూలుగా వచ్చేది ఖాళీగానే. అందులో నిజంగా ఉన్న యూజర్ల లిస్ట్ పెట్టు. కానీ చేత్తో రాయకు. నేను పాత ఆఫీసులో అలాగే రాశాను. కొత్తగా చేరిన అమ్మాయి పేరు ఎక్కించడం మర్చిపోయాను. మూడు రోజులు ఆమెకొచ్చిన మెయిలల్లా తిప్పికొట్టాం. నాలుగో రోజు ఆమె నా టేబుల్ దగ్గరకొచ్చి, ‘సర్, నేను ఈ కంపెనీలో ఉన్నట్టా లేనట్టా?’ అనడిగింది. అందుకే ఆ లిస్ట్‌ను ఆఫీసు యూజర్ల డైరెక్టరీ నుంచి గంటకోసారి స్క్రిప్ట్‌తో లాగు.

లిస్ట్ ఇవ్వడం కుదరదని వాళ్లంటే రిజెక్ట్_అన్‌వెరిఫైడ్_రెసిపియెంట్ అనే సెట్టింగ్ వాడు. రిలేనే లోపలి సర్వర్‌ని అడిగి, జవాబు గుర్తుపెట్టుకుంటుంది. లోపలి సర్వర్ కూడా అన్నింటికీ తలూపే రకమైతే మాత్రం ఇది దండగ. మామూలుగా ఇది 450 (ఇప్పుడు కాదు, తర్వాత ప్రయత్నించు) ఇస్తుంది. రెండు రోజులు లాగ్ చూసి, నమ్మకం కుదిరాక 550 చెయ్యి.

స్పామ్ ఫిల్టర్ కూడా మిల్టర్‌గా (మెయిల్ వస్తుండగానే చూసే తోడు ప్రోగ్రామ్‌గా), మెయిల్ పుచ్చుకోకముందే నడవాలి. పుచ్చుకున్నాక స్పామ్ అని తేలితే క్వారంటైన్‌లో పడెయ్, తిప్పి పంపకు. ఆ బ్యాకప్ ఎమ్‌ఎక్స్, అంటే మెయిన్ సర్వర్ పడిపోతే మెయిల్ పుచ్చుకునే రెండో సర్వర్, నాకు మొదటి నుంచీ నచ్చలేదు. కాపలా తక్కువని స్పామర్లు కావాలనే దాని మీదికొస్తారు. మెయిన్ సర్వర్ కాసేపు పడిపోతే పంపేవాళ్ల సర్వర్లే నాలుగైదు రోజులు మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తాయి. తీసెయ్.

కోపంలో ఖాళీ సెండర్ (పంపినవాడి అడ్రస్ ఖాళీగా ఉండే) మెయిళ్లన్నీ బ్లాక్ చేసేవు సుమా! మీవాళ్లకు రావాల్సిన అసలు బౌన్సులూ అలాగే వస్తాయి. ఈ రాత్రి క్యూలో మెయిలర్ డీమన్‌వి మాత్రమే ఏరి తీసెయ్. మొత్తం తుడిచేస్తే క్లయింట్ మెయిళ్లూ పోతాయి.

అయ్యాక బయటి సర్వర్ నుంచి నీ రిలే మెయిల్ పుచ్చుకునే 25 పోర్ట్‌కి కనెక్ట్ అయి, లేని పేరు ఒకటి కొట్టి చూడు. 550 వస్తే వెళ్లి పడుకో. 250 వస్తే ఆదివారం లాప్‌టాప్ పట్టుకుని ఇంటికి రా, మీ అత్త పెసరట్టు వేస్తానంది.

మామయ్య