కమ్యూనిటీ మెంటల్ హెల్త్ క్లినిక్‌ల సర్టిఫికేషన్ ప్రమాణాలు మారుతున్నప్పుడు కుటుంబాలు ఏమి చూడాలి, ఏమి రాయాలి?

అమెరికాలో మీ తమ్ముడు చికిత్స పొందుతున్న కమ్యూనిటీ మెంటల్ హెల్త్ క్లినిక్‌కు రాష్ట్రం ఇచ్చే సర్టిఫికేషన్ ప్రమాణాలు మారబోతున్నాయని, ముసాయిదాపై ప్రజాభిప్రాయం కోరుతున్నారని, దానివల్ల అతని చికిత్సలో తేడా వస్తుందా, కుటుంబం తరఫున మీరు ఏమి రాస్తే ప్రయోజనం ఉంటుంది అని అడిగారు. మధ్యపశ్చిమ రాష్ట్రాలలో ఒకదానిలో ఇటువంటి క్లినిక్‌లోనే క్వాలిటీ విభాగంలో పనిచేస్తూ ఈ ప్రమాణాలకు 2023లో వచ్చిన సవరణ అమలును దగ్గర నుంచి చూశాను కనుక సమాధానం రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. ముసాయిదా వందల పేజీలు ఉన్నా మీరు శ్రద్ధగా చదవవలసినవి రెండే భాగాలు: రోగికి ఎన్ని గంటల్లో, ఎన్ని రోజుల్లో ఏ సేవ అందాలో చెప్పే గడువులు, ఆ గడువులను నిలబెట్టడానికి కావలసిన మనుషులూ డబ్బూ ఎక్కడి నుంచి వస్తాయో చెప్పే నిబంధనలు.

కొంత నేపథ్యం అవసరం. 1963లో అధ్యక్షుడు కెనెడీ సంతకం చేసిన చట్టంతో కమ్యూనిటీ మెంటల్ హెల్త్ సెంటర్లు మొదలయ్యాయి. 1981లో ఆ నిధులను బ్లాక్ గ్రాంటుగా, అంటే రాష్ట్రాలు తమ నిర్ణయం మేరకు ఖర్చు పెట్టుకునే ఏకమొత్తంగా మార్చి రాష్ట్రాల చేతికి ఇచ్చాక, ఏ కేంద్రం ఏ సేవలు అందించాలన్నది రాష్ట్రానికొక తీరుగా తయారైంది. 2014లో వచ్చిన ప్రొటెక్టింగ్ యాక్సెస్ టు మెడికేర్ చట్టంలోని 223వ సెక్షన్, సర్టిఫైడ్ కమ్యూనిటీ బిహేవియరల్ హెల్త్ క్లినిక్ అనే కొత్త తరగతిని తెచ్చింది. అందరూ దీన్ని సీసీబీహెచ్‌సీ అంటారు. కింద నేను చెప్పే ప్రమాణాలు ఈ తరగతి క్లినిక్‌లవే. ప్రమాణాలు రాసేది మానసిక ఆరోగ్యం, వ్యసన చికిత్సల వ్యవహారాలు చూసే సామ్సా అనే ఫెడరల్ సంస్థ. వాటి ప్రకారం క్లినిక్‌ను పరిశీలించి సర్టిఫికెట్ ఇచ్చేది రాష్ట్రం. 2017లో 8 రాష్ట్రాలతో ప్రయోగం మొదలైంది, తర్వాత కెంటకీ, మిషిగన్ చేరాయి, 2024లో ఇల్లినాయ్, అయోవా, కాన్సస్ వంటి మరో 10 రాష్ట్రాలు ఎంపికయ్యాయి. సామ్సా 2015 నాటి ప్రమాణాలను 2023 మార్చిలో సవరించింది. అప్పటికే పథకంలో ఉన్న రాష్ట్రాలు 2024 జూలై 1 నాటికి కొత్త ప్రమాణాలకు మారవలసి వచ్చింది. ఫెడరల్ ప్రమాణం కనీస స్థాయి మాత్రమే. రాష్ట్రం దానికంటే కఠినంగా రాసుకోవచ్చు, తగ్గించడానికి వీల్లేదు. మీ రాష్ట్ర ముసాయిదాను ఆ ఫెడరల్ పత్రంతో పక్కపక్కన పెట్టుకుని చదివితే రాష్ట్రం తనకు తానుగా ఏమి చేర్చిందో బయటపడుతుంది.

గడువుల సంగతికి వస్తాను. కొత్తగా వచ్చిన వ్యక్తికి అత్యవసర పరిస్థితి ఉంటే వెంటనే చూడాలి. అంతటి సంక్షోభం కాకపోయినా తొందరగా చూడవలసిన అవసరం ఉంటే ఒక పనిదినంలోపు, సాధారణ అవసరమైతే 10 పనిదినాలలోపు సేవ అందాలి. సమగ్ర మూల్యాంకనం 60 రోజుల్లో పూర్తి కావాలి. వినడానికి స్పష్టంగానే ఉంది. అయితే గడియారం ఎప్పుడు మొదలవుతుందన్నది రాష్ట్ర నిబంధనలో సూటిగా లేకపోతే ఈ అంకెలకు విలువ ఉండదు. మొదటి ఫోన్ కాల్ నుంచి లెక్కించే క్లినిక్‌కూ, దరఖాస్తు పత్రాలన్నీ పూర్తయిన రోజు నుంచి లెక్కించే క్లినిక్‌కూ కాగితం మీద ఒకే 10 రోజులు కనిపిస్తాయి. రెండో చోట రోగి అసలు ఎదురుచూసింది నెల దాటి ఉండవచ్చు. నివేదికలు తయారుచేసే పనిలో నేను పదేపదే ఎదుర్కొన్న చిక్కు ఇది. మీ వ్యాఖ్యలో ఒకే ఒక్క వాక్యానికి చోటుందనుకుంటే, గడువు మొదటి సంప్రదింపు రోజు నుంచే లెక్కించాలని స్పష్టంగా రాయమని అడగండి.

హాస్పిటల్ నుంచి డిశ్చార్జ్ అయినవారి విషయంలోనూ ఇంతే. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన 24 గంటల్లోపు వారిని సంప్రదించడానికి క్లినిక్ తగిన ప్రయత్నం చేసి, దాన్ని నమోదు చేయాలని ప్రమాణం చెబుతుంది. ఆత్మహత్య ముప్పు ఎక్కువగా ఉండే కాలం అదే కనుక ఇది నాకు అన్నిటికంటే విలువైన నిబంధనగా తోస్తుంది. కానీ ఆసుపత్రి చెప్పకపోతే డిశ్చార్జ్ సంగతి క్లినిక్‌కు ఎలా తెలుస్తుంది? మా దగ్గర ఈ నిబంధన పనిచేయడం మొదలైంది ఆసుపత్రుల నుంచి ఎలక్ట్రానిక్ సమాచారం వచ్చే ఏర్పాటు కుదిరాకనే. అంతకుముందు శుక్రవారం సాయంత్రం ఇంటికి వెళ్లినవారి సంగతి సోమవారం వాళ్ల అమ్మ ఫోన్ చేస్తే తెలిసేది. ఆసుపత్రుల మీద కూడా సమాచార బాధ్యత పెడుతున్నారా అని మీ రాష్ట్రాన్ని నిలదీయడం న్యాయమైన ప్రశ్నే.

సంక్షోభ సమయంలో ఇంటికి వచ్చే మొబైల్ క్రైసిస్ బృందం గురించి కూడా 2023 సవరణ అంకెలు పెట్టింది. బృందాన్ని పంపిన సమయం నుంచి పట్టణ ప్రాంతాల్లో ఒక గంటలో, గ్రామీణ ప్రాంతాల్లో రెండు గంటల్లో చేరుకోవాలి. ఏ పరిస్థితిలోనూ మూడు గంటలు దాటరాదు. 2022 జూలైలో మొదలైన 988 అనే ఆత్మహత్య, సంక్షోభ సహాయ ఫోన్ నంబరుతో దీన్ని కలపాలన్నది ఉద్దేశం. మీ కౌంటీలో ఈ బృందాన్ని క్లినిక్ నడుపుతుందా, రాష్ట్రం వేరే సంస్థకు అప్పగించిందా అన్నది ముందుగా తెలుసుకోండి.

ఇక కాగితం పని. చికిత్స ప్రణాళికను కనీసం 90 రోజులకొకసారి నవీకరించాలని 2015 ప్రమాణం. 2023లో దాన్ని ఆరు నెలలకు సడలించారు. చిన్న మార్పులా కనిపిస్తుంది గాని, మూడు నెలలకొకసారి ప్రతి కౌన్సిలర్ తన దగ్గర ఉన్న రోగులందరి ప్రణాళికలు తిరగరాసి సంతకాలు తీసుకోవలసి వచ్చినప్పుడు, ఆ వారాల్లో సెషన్‌లో సగభాగం సంతకాలకే పోయేది. అయితే ఫెడరల్ సడలింపు వచ్చినంత మాత్రాన మీ క్లినిక్‌కు ఊరట దక్కిందని అనుకోనక్కరలేదు, ఎందుకంటే రాష్ట్ర లైసెన్సింగ్ నిబంధనల్లో మరో అధ్యాయంలో, మెడికెయిడ్ (తక్కువ ఆదాయం ఉన్నవారికి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) మాన్యువల్‌లో, పాత 90 రోజులు అలాగే ఉండిపోవచ్చు; అప్పుడు క్లినిక్ రెండిటిలో కఠినమైనదాన్నే పాటిస్తుంది. రాష్ట్రాలు ప్రమాణాలను సవరించేటప్పుడు కొత్త పొర వేస్తాయి, పాత పొర తీయవు. ఓపియాయిడ్ (నల్లమందు తరహా మత్తుమందుల) వ్యసనానికి బ్యుప్రెనార్ఫిన్ అనే మందు రాయడానికి డాక్టర్లకు అవసరమైన ప్రత్యేక ఫెడరల్ అనుమతిని 2022 డిసెంబరు చట్టం తీసివేసింది. ఆ అనుమతి ఉన్న డాక్టరే కావాలన్న వాక్యం మీ ముసాయిదాలో ఇంకా కనిపిస్తే, పాత పాఠాన్ని సరిగా చూడకుండా అతికించారని అర్థం. ఇటువంటివి ఎత్తి చూపిన వ్యాఖ్యలకు అధికారులు తప్పకుండా స్పందించడం నేను చూశాను, బహుశా దిద్దడం తేలిక కనుక.

డబ్బు విషయం రోగి కుటుంబానికి సంబంధం లేనిదిగా అనిపించవచ్చు. ఈ పథకంలో మెడికెయిడ్ ఒక్కో సేవకు విడివిడిగా చెల్లించదు. క్లినిక్‌కు ఏడాదికి అయ్యే ఖర్చును రోగులు వచ్చిన రోజుల సంఖ్యతో భాగించి ఒక రోజువారీ రేటు కడతారు. కొన్ని రాష్ట్రాలు నెలవారీ రేటు ఎంచుకున్నాయి. బిల్లు వేయడానికి వీలుకాని పనులు, అంటే రోగి వెంట కోర్టుకు వెళ్లడం, ఇల్లు దొరికేలా చూడడం, ఆసుపత్రితో మాట్లాడడం వంటివి ఆ రేటులో కలుస్తాయి. అందుకే ప్రమాణాన్ని కఠినం చేసి రేటును మళ్లీ లెక్కించకపోతే, కొత్త గడువులను చేరుకోవడానికి ఉన్న మనుషులనే సాగదీస్తారు; కౌన్సిలర్లు మానేస్తారు; మీ తమ్ముడికి ఏడాదిలో మూడో కౌన్సిలర్ వస్తారు. ప్రమాణం మారిన సంవత్సరంలోనే రేటు సవరిస్తారా అని మీరు అడగవచ్చు.

మన కుటుంబాలకు సూటిగా తగిలే అంశం భాష. ఇంగ్లీషు సరిగా రానివారికి దుభాషీ సౌకర్యం కల్పించడం క్లినిక్ బాధ్యత. మతిస్థిమితం తప్పిన అమ్మమ్మ మాటలను పన్నెండేళ్ల మనవడు డాక్టరుకు ఇంగ్లీషులో చెప్పవలసిన అవసరం ఎవరికీ రాకూడదు. ఆమె తనను ఎవరో చంపాలని చూస్తున్నారని చెబుతుంటే ఆ పిల్లవాడు సగం దాచేస్తాడు, అది సహజం. ఫోన్ మీద తెలుగు దుభాషీని పిలిపించమని అడగడానికి మనవాళ్లు మొహమాటపడతారు, అక్కరలేదు. విజిటర్ వీసా మీద వచ్చిన తల్లిదండ్రులకు మెడికెయిడ్ ఉండదు, అయినా డబ్బు కట్టలేరన్న కారణంతో గాని, ఆ ప్రాంతంలో నివాసం లేదన్న కారణంతో గాని సీసీబీహెచ్‌సీ సేవ నిరాకరించరాదు; ఆదాయాన్ని బట్టి రుసుము తగ్గించే పట్టిక ఉండాలి. ప్రతి క్లినిక్ మూడేళ్లకొకసారి తన ప్రాంత అవసరాలపై అంచనా తయారుచేయాలి, సిబ్బంది నియామకం దానిపైనే ఆధారపడాలి. మీ ఊరిలో తెలుగు కుటుంబాలు గణనీయంగా ఉంటే ఆ అంచనాలో మన భాష పేరు కనిపిస్తోందో లేదో అడిగి చూడండి.

పాలకమండలిలో కనీసం 51 శాతం మంది మానసిక అనారోగ్యం లేదా వ్యసనం స్వయంగా అనుభవించినవారు, వారి కుటుంబసభ్యులు ఉండాలని, లేదా వారి మాట నిజంగా చెల్లే మరో ఏర్పాటు ఉండాలని ప్రమాణం చెబుతోంది. చాలా క్లినిక్‌లు రెండో దారిని, అంటే సలహా కమిటీని ఎంచుకుంటాయి. మీకు ఓపిక ఉంటే అందులో చేరడం ప్రజాభిప్రాయ లేఖ కంటే ఎక్కువ కాలం పనికొస్తుంది.

లేఖ రాసేటప్పుడు ముసాయిదాలోని నిబంధన సంఖ్య ముందు వేసి, మీ ఇంట్లో జరిగినది నాలుగైదు వాక్యాల్లో చెప్పి, ఏ పదం ఎలా మారాలో రాయండి. వ్యాఖ్యలు బహిరంగ పత్రాలవుతాయి కనుక తమ్ముడి పేరు, జబ్బు పేరు, మందులు రాయకండి. పంపే ముందు అతనికి చూపించి ఒప్పించుకోండి. చివరి తేదీ, పంపవలసిన చిరునామా నోటీసులోనే ఉంటాయి. అమలు తేదీని కూడా చూసుకోండి. ఇప్పటికే చికిత్సలో ఉన్నవారి ప్రణాళికలకు కొత్త నిబంధన ఎప్పటి నుంచి వర్తిస్తుందో ముసాయిదాలో లేకపోతే, అది కూడా మీ లేఖలో అడగవలసిన ప్రశ్నే. మీ తమ్ముడి కౌన్సిలర్‌కు కూడా ఆ జవాబు కావాలి.