పాఠకుల ప్రశ్నలు, సిస్టర్ జవాబులు: పలకరించాం సరే, ఆ తర్వాత?

ఈసారి వచ్చిన ఉత్తరాలు చాలావరకు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. గుడికి కొత్తగా వచ్చినవాళ్ళని మనం ఎలా చూస్తున్నాం, దానికీ మనం క్రీస్తు శిష్యులుగా బతకడానికీ సంబంధం ఏంటి అని. అందుకే మిగతా ప్రశ్నలు వచ్చే సంచికకి ఉంచి వీటికే చోటిచ్చాను.

ప్రశ్న: సిస్టర్ గారూ, మా ఆయన ఉద్యోగం మారి కొత్త ఊరొచ్చాం, ఇక్కడి విచారణలో (పారిష్‌లో) పేర్లు రాయించుకున్నాం, ఆదివారం పూజ ఎప్పుడూ తప్పలేదు. ఇన్ని నెలలైనా శాంతి చెప్పుకునేటప్పుడు తప్ప ఎవరూ మా వైపు చూడరు. పూజ అవ్వగానే ఎవరి గుంపులో వాళ్ళు నిలబడి మాట్లాడుకుంటారు, మేం మెల్లగా బయటికొచ్చేస్తాం. మా ఆయన వేరే గుడికి పోదామంటున్నారు. పూజ ఎక్కడైనా పూజే, మనుషుల కోసం వెళ్తామా అని నాకు నేనే చెప్పుకుంటున్నా గానీ బాధగా ఉంది. ఇది నా విశ్వాసంలో లోపమా?

జవాబు: లోపం ఏమీ లేదమ్మా, నీ బాధ న్యాయమైనదే. ముందు మీ ఆయన మాట సంగతి చూద్దాం. ఆదివారం బాధ్యత ఏ కతోలిక దేవాలయంలో పూజలో పాల్గొన్నా తీరిపోతుందని శ్రీసభ (కతోలిక సంఘం) చట్టమే చెప్తోంది (1248వ నియమం), కాబట్టి వేరే గుడికి వెళ్తే పాపమని భయపడకండి.

కానీ "మనుషుల కోసం వెళ్తామా" అన్నావు చూడు, అక్కడ మాత్రం నేను ఒప్పుకోను. మనుషుల కోసం కూడా వెళ్తాం. అపొస్తలుల కార్యాలు రెండో అధ్యాయంలో తొలి విశ్వాసుల గురించి చెప్తూ బోధ, సహవాసం, రొట్టె విరవడం, ప్రార్థన, ఈ నాలుగింటినీ ఒక్క వాక్యంలోనే చెప్పారు, అందులోంచి సహవాసం ఒక్కటి తీసేసి మిగతా మూడింటితో సరిపెట్టుకుందామని వాళ్ళకి తట్టను కూడా తట్టలేదు. ఇప్పటి శ్రీసభ చట్టం (1983లో వచ్చింది) 515వ నియమంలో విచారణ అంటే విశ్వాసుల సంఘం అని ఉంది. 529వ నియమంలో విచారణ గురువు (ఫాదర్) తన విశ్వాసుల్ని తెలుసుకోవాలని, ఇళ్ళకి వెళ్ళాలని, వాళ్ళ దిగుళ్ళూ దుఃఖాలూ పంచుకోవాలని, మరీ ముఖ్యంగా పేదల్ని, ఒంటరివాళ్ళని, సొంత దేశం వదిలి వచ్చినవాళ్ళని తనే వెతుక్కుంటూ వెళ్ళాలని రాసుంది. అంటే నువ్వు కోరుకుంటున్నది ఎవరో దయతలచి ఇవ్వాల్సింది కాదు తల్లీ, విచారణ అన్నాక ఉండాల్సిందే అది.

ఇక ఏం చేయాలి అంటావా. ఫాదర్ గారిని ఒకసారి పూజ హడావుడి లేని వేళ వెళ్ళి కలవండి, మేం ఫలానా, కొత్తగా వచ్చాం, మా ఇంటికి ఒకసారి వచ్చి ప్రార్థన చేయండి అని నోరు తెరిచి అడగండి. చాలామంది గురువులకి పూజ అయ్యాక చుట్టూ మూగేవాళ్ళే కనిపిస్తారు, పక్కనుంచి వెళ్ళిపోయేవాళ్ళు కనపడరు. తర్వాత ఏదో ఒక చిన్న పని అడిగి తీసుకోండి, గాయక బృందమో, పిల్లలకి సత్యోపదేశం (విశ్వాస పాఠాలు) చెప్పడమో, గుడి శుభ్రం చేయడమో. మనుషులు పక్కపక్కన పని చేస్తున్నప్పుడు మాటలు వాటంతటవే వస్తాయి. ఇంకో మాట, వచ్చే ఆదివారం చుట్టూ చూడండి, మీలాగే ఒక్కరే నిలబడి ఉన్నవాళ్ళు ఇంకెవరో తప్పకుండా ఉంటారు. వాళ్ళ దగ్గరికి మీరే వెళ్ళండి. కొత్తవాళ్ళు కొత్తవాళ్ళని పిలవకూడదని ఎక్కడా లేదు. ఇవన్నీ చేశాక కూడా తలుపు మూసే ఉంటే అప్పుడు వెళ్ళండి, మనసులో చేదు పెట్టుకోకుండా వెళ్ళండి.

ప్రశ్న: మా విచారణలో ఆహ్వాన బృందం పెట్టాం సిస్టర్, నేనే బాధ్యుణ్ణి. బ్యాడ్జీలు పెట్టుకుని గుమ్మం దగ్గర నిలబడి నమస్కారం చెప్తాం, పాటల పుస్తకం ఇస్తాం, సీటు చూపిస్తాం. అందరూ బాగుందనే అన్నారు. కానీ కొత్తగా వచ్చినవాళ్ళు రెండు మూడు వారాలు కనపడి మళ్ళీ కనపడరు. మేం ఎక్కడ తప్పు చేస్తున్నాం?

జవాబు: తమ్ముడూ, మీరు చేస్తున్నది తప్పు కాదు, సగం పని. పూజ నియమావళే (105వ అంశం) గుడి గుమ్మం దగ్గర విశ్వాసుల్ని కలిసి తగిన చోటికి తీసుకెళ్ళేవాళ్ళ సేవ గురించి చెప్తోంది, కాబట్టి అది గౌరవమైన సేవే. అయితే నమస్కారం, పుస్తకం, సీటు వల్ల మనిషి లోపలికి వస్తాడు. ఉండిపోవాలంటే మాత్రం అతని పేరు ఎవరికో ఒకరికి తెలిసుండాలి, అతను రాని వారం ఎవరో ఒకరు గమనించాలి.

గుమ్మం దగ్గర సేవ ఎంత దూరం వెళ్తుందో చెప్పడానికి నాకు ఎప్పుడూ పునీత (సెయింట్) అల్ఫోన్సుస్ రొడ్రీగెజ్ గుర్తొస్తారు. స్పెయిన్‌లో సెగోవియాకి చెందిన వ్యాపారి ఆయన. భార్య పోయింది, పిల్లలూ పోయారు, వ్యాపారం దెబ్బతింది. దాదాపు 40 ఏళ్ళ వయసులో, 1571లో యేసుసభ (జెస్యూట్లు) అనే మఠసంఘంలో చేరితే గురువుగా కాదు, సోదరుడిగా (గురుపట్టం లేని మఠవాసిగా) తీసుకుని మయోర్కా ద్వీపంలోని కాలేజీకి పంపారు. అక్కడ ద్వారపాలకుడు. తలుపు తీయడం, వచ్చినవాళ్ళ కబురు లోపలికి చేర్చడం, పేదలకి ఉన్నది పంచడం, దశాబ్దాల తరబడి ఇదే పని. తలుపు తట్టిన ప్రతిసారీ "వస్తున్నా ప్రభూ" అనుకుంటూ లేచేవారని చెప్తారు. ఇంతవరకు చాలామందికి తెలుసు. నాకు ముఖ్యమనిపించేది దీని తర్వాతది. ఆ కాలేజీకి చదువుకోవడానికి పీటర్ క్లేవర్ అనే కుర్రాడు వచ్చాడు, తన జీవితాన్ని ఏం చేసుకోవాలో ఇంకా తేల్చుకోలేని స్థితిలో. పెద్ద చదువులు లేని ఈ ముసలి సోదరుడి దగ్గర కూర్చుని మాట్లాడటం మొదలుపెట్టాడు. సముద్రం అవతల అమెరికా దేశాలకి వెళ్ళమని క్లేవర్‌ని ప్రోత్సహించింది ఈ ద్వారపాలకుడే. 1610లో క్లేవర్ ఇప్పటి కొలంబియాలోని కార్తహేనా రేవుకి చేరాడు. ఆఫ్రికా నుంచి బానిసలుగా పట్టుకొచ్చినవాళ్ళ ఓడలు వచ్చే చోటు అది. ఓడ వచ్చిందని తెలియగానే తిండీ మందులూ పట్టుకుని, భాష తెలిసినవాళ్ళని వెంటబెట్టుకుని, ఆ కంపు కొట్టే అడుగు అరల్లోకి దిగి రోగుల్ని చేతులతో ఎత్తి చూసుకునేవాడు, ముందు ఒంటికి సాయం, తర్వాతే బోధ. ఇద్దరినీ 1888లో ఒకే రోజు పునీతులుగా ప్రకటించారు.

చూశావా తమ్ముడూ, తలుపు తీసినాయన అక్కడితో ఆగలేదు, లోపలికి వచ్చిన కుర్రాడికి కూర్చుని టైమ్ ఇచ్చాడు, ఆ కుర్రాడు ప్రపంచం అవతల ఓడల దగ్గర నిలబడి ఎవరూ ఆహ్వానించని మనుషుల్ని ఆహ్వానించాడు. ఒక శిష్యుడు ఇంకో శిష్యుణ్ణి తయారుచేయడం అంటే ఇలాగే ఉంటుంది. క్లాసు పెట్టి పుస్తకం పంచడం కూడా కావాలి గానీ దానికి ముందు ఎవరో ఒకరు పక్కన కూర్చోవాలి.

మీ బృందానికి చేయదగ్గవి కొన్ని చెప్తాను. గుమ్మం దగ్గర నిలబడే పని ఇద్దరికి చాలు, మిగతావాళ్ళు బ్యాడ్జీ లేకుండా లోపల బెంచీల్లో కూర్చోండి, కొత్తవాళ్ళ పక్కన. మొదటి వారమే ఫోన్ నంబర్, అడ్రసు, ఏం చేస్తుంటారు అని ఫారం చేతికివ్వకండి, ఇంకా ఊపిరి తీసుకోకముందే లెక్కల్లోకి ఎక్కించినట్టు ఉంటుంది. పేరు అడగండి, మీ పేరు చెప్పండి, రెండో ఆదివారం ఆ పేరుతోనే పిలవండి. నా ఉద్దేశంలో మీరు పెట్టిన బ్యాడ్జీలన్నిటికంటే రెండో ఆదివారం పేరు పెట్టి పిలవడమే ఎక్కువ పని చేస్తుంది. తర్వాత కొత్త కుటుంబం ఒక్కోదానికి పాత కుటుంబం ఒకదాన్ని తోడుగా పెట్టండి, ఒకసారి ఇంటికి పిలవడం, ఒంట్లో బాలేదంటే వెళ్ళి చూడటం, అంతే. ఫ్రాన్సిస్ పాపుగారు 2013లో సువార్త ఆనందం గురించి రాసిన ప్రబోధంలో (169వ పేరా) ఎదుటి మనిషి జీవితం పవిత్రమైన నేల, దాని ముందు చెప్పులు విడిచి నిలబడటం నేర్చుకోవాలి అన్నారు. గురువులూ మఠవాసులూ విశ్వాసులూ అందరూ ఈ తోడు నడిచే విద్యలో శిక్షణ పొందాలనీ అక్కడే అన్నారు. కాబట్టి మీ బృందం మీటింగులో ఎవరు ఏ వారం డ్యూటీ అన్న చర్చ కాస్త తగ్గించి, పోయిన నెల వచ్చినవాళ్ళు ఇప్పుడు ఎలా ఉన్నారు అన్నదానికి సగం టైమ్ ఇవ్వండి.

ప్రశ్న: విచారణలో ఏ కార్యక్రమం అయినా ఏర్పాట్లు చూసేది నేనూ, నాతో ఇంకొందరు ఆడవాళ్ళూ. వచ్చినవాళ్ళని చూసుకోవడంలో పడి ఒక్కోసారి ధ్యానం (ఫాదర్ గారి ప్రసంగం) వినడమే కుదరదు. మా అత్తయ్య "నువ్వు మార్తమ్మవి, మరియమ్మలా కూర్చోవడం నేర్చుకో" అంటుంటారు. నేను చేసేది దేవుడి పని కాదా సిస్టర్?

జవాబు: దేవుడి పనేనమ్మా. మార్తమ్మకి మన ధ్యానాల్లో చాలా అన్యాయం జరిగిందని నా అభిప్రాయం. లూకా పదో అధ్యాయం మళ్ళీ తీసి చదువు, ప్రభువుని ఇంట్లోకి చేర్చుకుంది మార్తమ్మే. ఆమె పనుల్లో పడింది, చెల్లెలు మరియమ్మ ఆయన పాదాల దగ్గర కూర్చుని బోధ వింది. ప్రభువు ఆమె చేసే సేవని తప్పుపట్టలేదు, చాలా వాటి గురించి కంగారుపడుతూ సతమతమవుతున్నావు అన్నారు. ఇక యోహాను 11వ అధ్యాయంలో తమ్ముడు లాజరు చనిపోయిన దుఃఖంలో ఉండి కూడా "నీవు క్రీస్తువు, దేవుని కుమారుడవు" అని విశ్వాసం ప్రకటించింది ఎవరు? ఈ మార్తమ్మే. 2021 నుంచి శ్రీసభ జూలై 29ని మార్త, మరియ, లాజరు ముగ్గురికీ కలిపి జరుపుకుంటోంది, అంతకుముందు మార్తమ్మ ఒక్కరిదే ఉండేది. ఒకే ఇంట్లో ముగ్గురూ.

అయినా మీ అత్తయ్య గారి మాట పూర్తిగా కొట్టిపారేయకు. నీకు దివ్యబలిపూజ, వాక్యం దక్కకుండా పోతుంటే అది నీ తప్పు కాదు, ఏర్పాటులో లోపం. ఎప్పుడూ అదే ఆడవాళ్ళు ఎందుకు చేయాలి? పారిష్ కౌన్సిల్లో లేచి అడుగు, వంతులు వేయమను, మగవాళ్ళనీ యువతనీ ఆ వంతుల్లో పెట్టమను. సణగకుండా ఆతిథ్యం ఇవ్వండి అని పేతురు గారు మొదటి లేఖలో (4:9) అందరికీ రాశారు, ఆడవాళ్ళకి మాత్రమే రాయలేదు.

ప్రశ్న: నా స్నేహితుడికి జ్ఞానస్నానం లేదు. నాతో పూజకి వస్తున్నాడు, ఆసక్తి ఉంది. సత్ప్రసాదం (కమ్యూనియన్) సమయంలో అందరూ లేచి వెళ్తుంటే తనొక్కడే కూర్చుని ఇబ్బందిపడుతున్నాడు. రమ్మని పిలిచి ఇలా కూర్చోబెట్టడం ఏం ఆతిథ్యం అని అడిగాడు, నేను జవాబు చెప్పలేకపోయాను.

జవాబు: మంచి ప్రశ్న అడిగాడు, కోపం తెచ్చుకోకు బాబూ. సత్ప్రసాదం స్వీకరించాలంటే ముందు జ్ఞానస్నానం ఉండాలి, దాన్ని మర్యాద కోసం మార్చలేం. ప్రభువుతో, ఆయన సంఘంతో జీవితాంతం ముడిపడతాను అని మనిషి తనంతట తాను చెప్పాక తీసుకునేది అది, ఆ మాట అతని చేత తొందరపెట్టి చెప్పించడం అతన్ని గౌరవించినట్టు కాదు. ఈ సంగతి అతనికి పూజకి ముందే చెప్పాల్సింది నువ్వే, బెంచీలో కూర్చున్నాక తెలియడం వల్లే అంత ఇబ్బంది. ఆ సమయంలో కావాలంటే నువ్వూ అతని పక్కనే ఉండి, చివర్లో వెళ్ళి స్వీకరించి రా.

పెద్దవాళ్ళు విశ్వాసంలోకి వచ్చే దారిని శ్రీసభ 1972లో మళ్ళీ తొలి శతాబ్దాల పద్ధతిలో అంచెలంచెలుగా ఏర్పాటు చేసింది. మొదట ప్రశ్నలు అడుక్కునే కాలం, దానికి తొందర లేదు. తర్వాత సంఘం ముందు నిలబెట్టి జ్ఞానస్నానార్థిగా స్వీకరిస్తారు, ఆ రోజు నుంచే అతను శ్రీసభ ఇంటివాడు, ఆ మధ్యలో చనిపోయినా అంత్యక్రియల విషయంలో విశ్వాసిగానే లెక్క. తపస్సు కాలంలో (ఈస్టర్‌కి ముందు రోజుల్లో) చివరి సిద్ధపాటు, పాస్కా (ఈస్టర్) జాగరణ రాత్రి జ్ఞానస్నానం, భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్), సత్ప్రసాదం మూడూ, ఆ తర్వాత కూడా కొన్నాళ్ళు తోడు. ఈ దారిలో ఒక తోడు మనిషి ఉండాలని, అతన్ని ఎరిగినవాళ్ళు అయ్యుండాలని నియమం. ఆ తోడు నువ్వే అవ్వొచ్చు. ఫాదర్ గారి దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్ళండి.

ప్రశ్న: మాసిన బట్టలతో ఒకాయన వచ్చి ముందు వరుసలో కూర్చుంటున్నాడు. ఎప్పటినుంచో అక్కడ కూర్చునే పెద్దలు ఇబ్బంది పడుతున్నారు. వెనక్కి పంపమని నాకు చెప్తున్నారు. ఏం చేయను?

జవాబు: పంపకండి. యాకోబు గారి లేఖ రెండో అధ్యాయం మొదటి నాలుగు వచనాలు సరిగ్గా ఇదే సంగతి, బంగారు ఉంగరం పెట్టుకున్నాయనకి మంచి చోటు, మాసిన బట్టలాయనకి "నువ్వక్కడ నిలబడు". పూజ వేళ గుడిలోకి ప్రవేశం అందరికీ ఉచితం అని శ్రీసభ చట్టంలోనూ ఉంది (1221వ నియమం). పునీత బెనెడిక్ట్ గారు తన మఠనియమం 53వ అధ్యాయంలో వచ్చే ప్రతి అతిథినీ క్రీస్తులాగే చేర్చుకోమని చెప్పి, పేదల విషయంలో, యాత్రికుల విషయంలో ఇంకా ఎక్కువ శ్రద్ధ పెట్టమన్నారు, ధనికులకైతే వాళ్ళంటే ఉన్న భయమే గౌరవం తెచ్చిపెడుతుంది కాబట్టి. ఆ పెద్దలకి ఈ వాక్యాలు మీరు చెప్పడం కంటే ఫాదర్ గారే ధ్యానంలో చెప్తే బాగుంటుంది, అడగండి.

ఆయన ఎవరినైనా భయపెడుతున్నా, పిల్లల జోలికి వెళ్తున్నా అది వేరే విషయం, అప్పుడు ఇద్దరు పెద్దమనుషులు దగ్గరుండి చూసుకోవాలి, అవసరమైతే బయటి సాయం తీసుకోవాలి. బట్టలు మాత్రమే సమస్య అయితే ఈ ఆదివారం మీరే వెళ్ళి ఆయన పక్కన కూర్చోండి, పేరు అడగండి, పూజ అయ్యాక ఎక్కడ ఉంటున్నారో, ఏమైనా తిన్నారో కనుక్కోండి.