వెనక కుర్చీలో నోట్‌బుక్ పట్టుకుని కూర్చున్నావిడ

జూన్‌లో నేను హైదరాబాద్‌లో దిగితే చాలు, మలక్‌పేటలో మా అమ్మావాళ్ల ఇంటికి ఎవరో ఒక టీచరు వచ్చి కూర్చుంటారు. ఇక్కడ బడులు జూన్ 12కి తెరిచేస్తారు, అమెరికాలో నేను పాఠాలు చెప్పే డాలస్ వైపు ఆగస్టు దాకా సెలవులే, అందుకని వాళ్లు బడి వదిలాక సాయంత్రం పూట వస్తారు. ఈసారి ముగ్గురొచ్చారు. ఇద్దరిది లెక్కలు, ఒకరిది సైన్సు. కొన్నేళ్లు మాత్రమే అక్కడ పనిచేయనిచ్చే జే-1 వీసా మీద అక్కడి మిడిల్ స్కూళ్లలో చేరబోతున్నారు. వీసా గురించో, ఇంటద్దె గురించో అడుగుతారనుకున్నాను. వాళ్లలో చిన్నమ్మాయి మాత్రం ఫోన్‌లో ఆ బడి స్టాఫ్ లిస్టు తీసి, "మేడమ్, ఇన్‌స్ట్రక్షనల్ కోచ్ అని ఒకావిడ ఉంది, డిపార్ట్‌మెంట్ చెయిర్ అని ఇంకొకాయన ఉన్నాడు, వీళ్లలో నా బాస్ ఎవరు?" అంది. ఇద్దరూ కాదమ్మా అన్నాను. నమ్మలేదు. పదకొండేళ్ల కిందట నేనూ నమ్మలేదు, దానివల్ల నాకు ఒక సెమిస్టర్ మొత్తం పోయింది.

మన దగ్గర ఎవరైనా వచ్చి క్లాసు వెనక కూర్చున్నారంటే దానికి ఒక్కటే అర్థం. ప్రభుత్వ బడైతే ఎంఈఓ సారు వచ్చినట్టు, ప్రైవేటు బడైతే ఇన్‌క్రిమెంట్ల సీజన్ వచ్చినట్టో, ఎవరో పేరెంట్ కంప్లెయింట్ ఇచ్చినట్టో. దిల్‌సుఖ్‌నగర్‌లో నేను తొమ్మిదేళ్లు పనిచేసిన బడిలో ఇన్‌స్పెక్షన్‌కి ముందురోజు పిల్లలకి రిహార్సల్ ఉండేది: జవాబు వచ్చినవాళ్లు కుడిచెయ్యి ఎత్తండి, రానివాళ్లు ఎడమచెయ్యి ఎత్తండి, ఎత్తడం మాత్రం అందరూ ఎత్తండి. నవ్వకండి, మీరూ చేయించే ఉంటారు.

అక్కడ మిడిల్ స్కూల్ అంటే మామూలుగా ఆరు, ఏడు, ఎనిమిది తరగతులు. ప్రిన్సిపాల్ ఉంటారు, బడి సైజుని బట్టి కొందరు అసిస్టెంట్ ప్రిన్సిపాళ్లు ఉంటారు. మీ పనిని అధికారికంగా తూచేది సాధారణంగా వీళ్లే. డాలస్ ఉన్న టెక్సస్ రాష్ట్రంలో చాలా స్కూల్ డిస్ట్రిక్టులు (ఒక ప్రాంతంలోని ప్రభుత్వ బడుల్ని నడిపే సంస్థలు) టీచర్లకి గ్రేడ్ వేయడానికి టీ-టెస్ అనే పద్ధతి వాడతాయి, అది 2016-17 నుంచి రాష్ట్రమంతా వచ్చింది. అందులో అయిదు మెట్లున్నాయి. మధ్యలో ఉండే 'ప్రొఫిషియెంట్' వస్తే మనవాళ్లు ఫస్ట్ క్లాస్ పోయినట్టు ఏడుస్తారు. అది మంచి గ్రేడే, ఏడవకండి.

డిపార్ట్‌మెంట్ చెయిర్, కొన్నిచోట్ల డిపార్ట్‌మెంట్ లీడర్ అంటారు, మన కార్పొరేట్ స్కూళ్ల హెచ్‌ఓడీ లాంటి మనిషి అనుకుంటే పప్పులో కాలేసినట్టే. ఆయనా మీలాగే రోజంతా పాఠాలు చెప్పే టీచరు. ఏడాదికి కొంత స్టైపెండ్ ఇస్తారు, అదృష్టముంటే ఒక పీరియడ్ తగ్గిస్తారు. బదులుగా మీటింగులు నడపాలి, ఏ వారం ఏ పాఠమో అందరూ ఒకే దారిలో ఉండేలా చూడాలి, ఉమ్మడి టెస్టు పేపరు తయారు చేయించాలి, క్యాలిక్యులేటర్లు లెక్కపెట్టుకోవాలి, ఆఫీసు మాట మనకీ మన మాట ఆఫీసుకీ చేరవేయాలి. ఫోటోకాపీల కోటా నెల మధ్యలో అయిపోయినప్పుడు ఎవరి కోడ్ వాడుకోవాలో తెలిసిన మనిషి కూడా ఆయనే, మొదటి నెలలో దీని విలువ మీకే తెలుస్తుంది. పేరు పెట్టి పిలవమంటే పిలవండి. నాకు నోరు తిరగడానికి ఏడాది పట్టింది.

ఇక కోచ్. ఈ పోస్టు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. కోచ్‌కి మామూలుగా సొంత క్లాసు ఉండదు. ఒకప్పుడు మంచి టీచరుగా పేరు తెచ్చుకుని, ఇప్పుడు మిగతా టీచర్లకి పక్కన నిలబడటమే ఆవిడ ఉద్యోగం. ఈ ఆలోచన వెనక కథ ఉంది. టీచర్లని ఒకచోట కూర్చోబెట్టి రెండ్రోజులు వర్క్‌షాప్ పెడితే నేర్చుకున్నది క్లాసులోకి రావడం లేదని, తర్వాత క్లాసులోనే తోడు ఉంటే వస్తుందని 1980ల్లో బ్రూస్ జాయిస్, బెవర్లీ షవర్స్ అనే ఇద్దరు గట్టిగా చెప్పారు. తర్వాత కాన్సస్ యూనివర్సిటీలో జిమ్ నైట్ లాంటివాళ్లు దాన్ని ఒక పద్ధతిగా తయారుచేశారు. కోచ్, టీచరు సమానస్థులు, ఏం మార్చుకోవాలో టీచరే ఎంచుకోవాలి అన్నది ఆయన పట్టు. వర్క్‌షాప్‌లో సమోసా తిని సంతకం పెట్టి వచ్చే మనకి ఈ మాట కొత్తగా చెప్పక్కర్లేదనుకోండి.

ఇదేదీ నాకు తెలియని రోజుల్లో, సెప్టెంబర్‌లో, మా కోచ్ నా ఆరో తరగతి క్లాసుకి వచ్చింది. ఆవిడ తలుపు తీయగానే నేను అటెన్షన్‌లో నిలబడి "గుడ్ మార్నింగ్ మేడమ్" అన్నాను, పిల్లలు పడీపడీ నవ్వారు. రేషియోల పాఠం అంతకుముందు వారమే చెప్పేశాను, దాన్నే మళ్లీ కొత్తగా చెప్తున్నట్టు చెప్పాను. ప్రశ్న, జవాబు, ప్రశ్న, జవాబు, టకటకా. నా దృష్టిలో సూపర్ హిట్. సాయంత్రం ఆవిడ ఒక కాగితం నా ముందు పెట్టింది. క్లాసులో 26 మంది, నోరు విప్పింది అయిదుగురు. నేను ప్రశ్న అడిగాక జవాబు కోసం ఆగింది ఒక సెకను కూడా లేదు. బాగుందనలేదు, బాగాలేదనలేదు. "మీకేమనిపిస్తోంది?" అంది, అంతే. ఇదేదో వలలా ఉందే అనుకుని, అంతా బాగుంది, నాకే ఇబ్బందీ లేదు అని చెప్పి బ్యాగు సర్దుకున్నాను. డిసెంబర్ దాకా ఆవిడ ఎప్పుడు అడిగినా అదే మాట. ఆవిడా అడగడం మానేసింది, పాపం ఆవిడ లిస్టులో ఇంకా పదిహేను మంది ఉన్నారు.

జనవరిలో నెగెటివ్ సంఖ్యల తీసివేత దగ్గర బండి ఆగిపోయింది. మైనస్ మూడులోంచి మైనస్ అయిదు తీసేస్తే రెండు ఎలా వస్తుందని ఒక పిల్లవాడు అడిగాడు. రెండు మైనస్‌లు పక్కపక్కన వస్తే ప్లస్ అన్నాను. "వై?" అన్నాడు. రూల్ అన్నాను. మన పిల్లలైతే అక్కడితో రాసుకుని ఊరుకుంటారు, వాడు ఊరుకోలేదు, వాడి వెనక ఇంకో పదిమంది. ఆ సాయంత్రం నేనే కోచ్ గదికి వెళ్లి, ఈ పాఠం నాకు చెప్పడం రావట్లేదు అన్నాను. ఇరవై ఏళ్లుగా లెక్కలు చదివిన మనిషి నోట ఆ మాట రావడం ఎంత కష్టమో మీకు తెలుసు. ఆవిడ ముఖంలో వెటకారం వెతికాను, కనపడలేదు. మర్నాడు మూడో పీరియడ్ ఆవిడే నా క్లాసులో రెండు రంగుల బిళ్లలు పెట్టి పాఠం చెప్పింది, నేను వెనక కుర్చీలో కూర్చుని రాసుకున్నాను. ఎర్రబిళ్ల ఒక మైనస్ ఒకటి, పసుపుబిళ్ల ఒక ప్లస్ ఒకటి, రెండూ కలిస్తే సున్నా. మూడు ఎర్రవి ఉన్నాయి, అయిదు తీయాలి, చాలవు కదా, అయితే రెండు జతల సున్నాలు కలుపు, ఇప్పుడు అయిదు ఎర్రవి తీసెయ్, రెండు పసుపువి మిగిలాయి. నాలుగో పీరియడ్ నేను చెప్పాను, ఆవిడ చూసింది.

కాబట్టి కోచ్‌కి చూపించడానికి మీ బెస్ట్ క్లాసు దాచుకోవద్దు, మిమ్మల్ని ఏడిపించే పీరియడ్‌కే పిలవండి. "ఎలా చెప్తున్నానో చూడండి" అనకుండా ఒక్క విషయం అడగండి: వెనక రెండు వరసలవాళ్లు ఎంతసేపు పని చేస్తున్నారో చూడండి, నా యాస ఎక్కడ అర్థం కావట్లేదో రాయండి, ఇలా. యాస సంగతి సిగ్గుపడకుండా అడగండి, నేను 'జీరో'ని ఎలా పలుకుతానో పిల్లలు ఇంట్లో చేసి చూపించారట.

ఒక జాగ్రత్త మాత్రం. అన్ని బడులూ ఒకలా ఉండవు. కొన్నిచోట్ల కోచ్ చూసినదంతా ప్రిన్సిపాల్‌కి చేరుతుంది, కొన్నిచోట్ల డిపార్ట్‌మెంట్ లీడర్‌కి కూడా పరిశీలన బాధ్యత ఇస్తారు. చేరిన మొదటి వారంలోనే మొహమాటం లేకుండా అడిగేయండి: నా అప్రైజర్, అంటే నాకు గ్రేడ్ వేసేది, ఎవరు, మనం మాట్లాడుకున్నది మన మధ్యే ఉంటుందా, లేదా? అక్కడ ఈ ప్రశ్నని తప్పుగా తీసుకోరు. అలాగే చాలాచోట్ల కోచ్ జీతం ఫెడరల్ గ్రాంట్ల నుంచి వస్తుంది, డబ్బు తగ్గితే ముందు కోసే పోస్టుల్లో అదొకటి. రెండో ఏడు చూసుకుందాంలే అనుకుంటే రెండో ఏడు ఆవిడ ఉండకపోవచ్చు. జే-1 మీద మీకున్నది మూడేళ్లు, పొడిగిస్తే ఇంకో రెండేళ్లు.

సైన్సాయనకి ఇదంతా నచ్చలేదు. కోచ్‌ల వల్ల నిజంగా లాభముందా, లేక ఇంకో పోస్టా అన్నాడు. 2018లో మాథ్యూ క్రాఫ్ట్, డేవిడ్ బ్లేజర్, డిలన్ హోగన్ అనే పరిశోధకులు కోచింగ్ మీద జరిగిన 60 పరిశోధనలు కలిపి లెక్క చూశారు. బోధనలో బాగానే మార్పు కనిపించింది, పిల్లల మార్కుల్లో దానికంటే తక్కువ. ప్రోగ్రాం పెద్దదయ్యే కొద్దీ ఫలితం పలచబడింది. అంటే కోచ్ మంచిదై, మీరు తలుపు తెరిస్తేనే లాభం.

ఆ ఒక సెకను సంగతి కూడా నా ఒక్కదాని జబ్బు కాదట. మేరీ బడ్ రో అనే ఆవిడ 1970ల్లోనే టీచర్లు ప్రశ్నవేసి సగటున ఒక సెకను ఆగుతారని, మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడుగవుతాయని, మాట్లాడే పిల్లలు పెరుగుతారని కనిపెట్టింది. ఇది చెప్తే చిన్నమ్మాయి, "ఇప్పుడే చూద్దాం మేడమ్" అని మా హాల్లో నిలబడి, సోఫాలో ఉన్న మిగతా ఇద్దరినీ ఏడో తరగతి పిల్లలనుకుని మైనస్‌ల లెక్క అడిగింది. నేను గోడ గడియారం చూస్తున్నాను. రెండో సెకనులో జవాబు తనే చెప్పేసింది.