సరస్సు ఎక్కడికీ పోదు, ముందు ఒళ్ళు అలవాటు పడనివ్వండి

ప్రశ్న: మేం ముగ్గురం స్నేహితులం, అందరికీ ముప్పై లోపే. సెప్టెంబరు మొదట్లో తొమ్మిది రోజులు సెలవు దొరికింది. లద్దాఖ్‌లోని లేహ్‌కి ఫ్లైట్‌లో వెళ్ళి, రెండో రోజు పాంగాంగ్ సరస్సు, తర్వాత రుమ్‌ట్సే ఊరి నుంచి త్సో మోరీరీ సరస్సు దాకా ట్రెక్, మిగిలిన రోజుల్లో ఖార్దుంగ్ లా కనుమ మీదికి సైకిల్ అని ప్లాన్ వేసుకున్నాం. ముగ్గురం రోజూ జిమ్‌కి వెళ్తాం, వారానికి రెండుసార్లు నలభై కిలోమీటర్లు తొక్కుతాం. కుదురుతుందా?

జవాబు: కుదరదు. మీ కాళ్ళలో బలం లేదని కాదు, ఆ బలానికీ ఎత్తు పడకపోవడానికీ సంబంధం లేదని. లేహ్ 3,500 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ ఒక్కో శ్వాసకి అందే ఆక్సిజన్ సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండు వంతులే, త్సో మోరీరీ దగ్గరికి వచ్చేసరికి సగం కంటే కాస్త ఎక్కువ, అంతే. దానికి ఒళ్ళు అలవాటు పడాలంటే రోజులు కావాలి. జిమ్‌కి వెళ్ళేవాళ్ళకి ఇంకో ఇబ్బంది కూడా ఉంది, వాళ్ళు మొదటి రోజే హుషారుగా పరిగెత్తేస్తారు, రాత్రికి తలనొప్పితో కూలబడతారు.

ఇది నా అనుభవం కూడా. మొదటిసారి వెళ్ళినప్పుడు మేమూ రెండో రోజే పాంగాంగ్ చేరాం. నీళ్ళ రంగు చూసి అందరం అరిచాం, ఫొటోలు తీసుకున్నాం. రాత్రి తొమ్మిదింటికి నా స్నేహితుడు బయటికి వెళ్దామని బూట్లు వేసుకుంటూ ఎంతసేపటికీ లేసు ముడి వెయ్యలేకపోయాడు. రెండు కొసలూ చేతుల్లో పట్టుకుని వాటివైపే చూస్తూ కూర్చున్నాడు, పిలిస్తే కాసేపాగి పలికాడు. నిలబెట్టి, ఒక కాలి మడమకి రెండో కాలి వేళ్ళు ఆనిస్తూ గీత మీద నడిచినట్టు నడవమన్నాం, నాలుగు అడుగులకే పక్కకి ఒరిగిపోయాడు. ఈ పరీక్షలో తూలితే మెదడులో వాపు మొదలైందనే అనుకోవాలి, ఇక పొద్దుటిదాకా ఆగకూడదు, దిగాల్సిందే. కానీ పాంగాంగ్ నుంచి లేహ్‌కి దిగాలంటే ముందు 5,300 మీటర్లు దాటిన చాంగ్ లా కనుమ ఎక్కాలి! అదృష్టం కొద్దీ కనుమకి ఇవతలే, సరస్సు కంటే కిందున్న తాంగ్‌సే దాకా బండిలో దింపాం, తెల్లారేసరికి మనిషి తేరుకున్నాడు. అందుకే ఇప్పుడు ఎవరు రెండో రోజు పాంగాంగ్ అన్నా ఒప్పుకోను.

రుమ్‌ట్సే ట్రెక్ గురించి. చాలా అందమైన దారి, అయితే ఒక్క నడకకే వారం పైన పడుతుంది, 5,000 మీటర్లు దాటిన కనుమలు వరసగా వస్తాయి, మధ్యలో ఆసుపత్రి మాట అటుంచి రోడ్డు కూడా అరుదు. తొమ్మిది రోజుల సెలవులో అది పట్టదు. వదిలేయండి, ఇంకోసారి దానికోసమే వెళ్ళండి.

మీకు సైకిల్ అలవాటు ఉంది కాబట్టి నేనైతే సింధు నది వెంట వెళ్ళే రోడ్డే చెబుతాను. లేహ్ నుంచి ఉప్షీ, అక్కడి నుంచి నది పక్కనే చుమాథాంగ్, మాహే, ఆ తర్వాత నదిని వదిలి సుమ్‌దో మీదుగా త్సో మోరీరీ ఒడ్డున ఉన్న కోర్జోక్. మొత్తం సుమారు 220 కిలోమీటర్లు. ఈ దారిలో గొప్పేమిటంటే ఎత్తు మెల్లగా పెరుగుతుంది. ఉప్షీ దగ్గర 3,400 మీటర్లు, చుమాథాంగ్ దగ్గర దాదాపు 4,000, కోర్జోక్ 4,500 పైన. 3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే చోటు ముందు రోజు కంటే 500 మీటర్లకి మించి ఎక్కువ ఉండకూడదని డాక్టర్లు చెప్పే నియమం ఈ రోడ్డు మీద దానంతటదే పాటింపుకి వస్తుంది.

లెక్క ఇలా వేసుకోండి. దిగిన రోజు నడుం వాల్చడం తప్ప ఇంకేం పెట్టుకోవద్దు. రెండో రోజు సాయంత్రం బజారులో నడక, మూడో రోజు శాంతి స్తూపం మెట్లు మెల్లగా. నాలుగో రోజు సైకిల్ ఎక్కి ఉప్షీ. ఉప్షీ నుంచి చుమాథాంగ్‌కి రెండు రోజులు తీసుకోండి, అక్కడ రోడ్డు పక్కనే వేడినీటి ఊటలున్నాయి, కాళ్ళు పెట్టుకుని కూర్చుంటే ప్రాణం లేచొస్తుంది. ఏడో రోజు మాహే దాటి సుమ్‌దో, ఎనిమిదో రోజు కోర్జోక్, తొమ్మిదో రోజు ఊరి వెనక లోయలోకి నడక. వేసవిలో చాంగ్‌పా పశుపోషకులు గొర్రెలు, జడల బర్రెలతో అక్కడే డేరాలు వేస్తారు. పదో రోజు బండిలో సైకిళ్ళు వేసుకుని లేహ్, పదకొండో రోజు ఫ్లైట్. అంటే ఇంకో రెండు రోజులు సెలవు అడగాలి. ఇవ్వకపోతే చుమాథాంగ్ దాకా వెళ్ళి వెనక్కి వచ్చేయండి, లేహ్‌లో ఉండాల్సిన మూడు రోజుల్లో మాత్రం కోత పెట్టకండి.

ఖార్దుంగ్ లా సరదా తీర్చుకోవాలంటే సైకిల్‌ని బండిలో పైకి తీసుకెళ్ళి కిందికి తొక్కుతూ రావొచ్చు, చాలామంది చేసే పనే. పైన బోర్డు మీద ఏళ్ళ తరబడి 18,380 అడుగులు అని రాసి ఉండేది, జీపీఎస్‌తో కొలిస్తే వచ్చింది 5,359 మీటర్లు, అంటే దాదాపు 17,580 అడుగులు. అయినా చాలా ఎత్తే! ఆ దిగుడులో ఒకే బ్రేకు పట్టుకుని ఉండకండి, ముందుదీ వెనకదీ మార్చి మార్చి నొక్కండి, మధ్యలో ఆగి వాటిని చల్లారనివ్వండి.

సైకిల్ విషయానికొస్తే, రెండంగుళాల వెడల్పు టైర్లు, ముందు పళ్ళచక్రం కంటే వెనకది పెద్దదిగా ఉండే అతి తేలిక గేరు, రెండు స్పేర్ ట్యూబులు, బ్రేక్ ప్యాడ్‌ల జత. లేహ్‌లో అద్దెకి దొరుకుతాయి, తీసుకునే ముందు అన్ని గేర్లూ మార్చి చూడండి. ఒక చిన్న సంగతి, మాహే దగ్గర నాకు పంక్చర్ అయింది. ట్యూబు మార్చడం ఐదు నిమిషాల పని, గాలి కొట్టడానికి మాత్రం అరగంట పట్టింది. గాలి పలచన కదా, ఒక్కో పంపుకి లోపలికి వెళ్ళేది తక్కువ, కొట్టేవాడికి ఆయాసం ఎక్కువ. ఇరవై సార్లు కొట్టడం, హ్యాండిల్ మీద నుదురు ఆనించి గుక్క తిప్పుకోవడం, మళ్ళీ ఇరవై. పొడుగు పంపు తీసుకెళ్ళండి, బరువైనా పర్లేదు.

పొద్దున్నే బయల్దేరండి. మధ్యాహ్నం ఒంటిగంట దాటితే ఎదురుగాలి మొదలవుతుంది, ఎండకి పైన మంచు కరిగి వాగుల్లో నీళ్ళు కూడా పెరుగుతాయి. ఉదయం చీలమండ దాకా ఉన్న వాగే సాయంత్రానికి మోకాలు దాటుతుంది. మాహే వంతెన దగ్గర కాగితాలు చూస్తారు, అనుమతి నిబంధనలు మారుతుంటాయి కాబట్టి బయల్దేరే ముందు లేహ్‌లో కనుక్కోండి. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు అక్కడ పనిచేయవు, పోస్ట్‌పెయిడ్ ఒక్కటైనా ఉండాలి, అదీ దారంతా సిగ్నల్ ఇస్తుందనుకోకండి. రోజూ ఎక్కడ పడుకుంటారో ఇంట్లోవాళ్ళకి ముందే రాసిచ్చి వెళ్ళండి, వాళ్ళకీ టెన్షన్ తగ్గుతుంది.

ప్రశ్న: నా వయసు 56. బీపీకి మాత్ర వేసుకుంటాను, అదుపులోనే ఉంది. రోజూ ఐదు కిలోమీటర్లు నడుస్తాను. మా అబ్బాయి లద్దాఖ్ వెళ్తున్నాడు, నేనూ వస్తానంటే వద్దంటున్నాడు. నేను నడవగలిగే ట్రెక్ ఉందా?

జవాబు: ఉందండీ. షామ్ లోయలో లికిర్ నుంచి యాంగ్‌థాంగ్, హెమిస్ శుక్‌పాచన్ మీదుగా తెమిస్‌గామ్ దాకా మూడు రోజుల నడక ఉంది. కనుమలు 4,000 మీటర్ల లోపే, రాత్రికి ఊళ్ళో ఇళ్ళలోనే బస, దారిలో బార్లీ చేలు. అదుపులో ఉన్న బీపీ అడ్డం కాదు, అయితే ఎత్తుకి వెళ్ళిన మొదటి రోజుల్లో బీపీ పెరగొచ్చు, అందుకని డాక్టరుకి ఎంత ఎత్తుకి వెళ్తున్నారో అంకెతో సహా చెప్పి అడగండి. ఎత్తు జబ్బు రాకుండా వేసుకునే డయామాక్స్ మాత్ర గురించి కూడా ఆయన్నే అడగండి, సల్ఫా మందులు పడనివాళ్ళయితే ఆ సంగతి తప్పకుండా చెప్పాలి. కూర్చున్నా ఆయాసం, ఆగని దగ్గు, ఈ రెండిట్లో ఏది వచ్చినా మొహమాటపడకుండా వెంటనే అబ్బాయికి చెప్పండి, దిగిపోవాలి. పిల్లల ట్రిప్పు పాడవుతుందని పెద్దవాళ్ళు దాచుకుంటారే, అదే నాకు భయం. మీ అబ్బాయికి ఇది చదివి వినిపించండి, తీసుకెళ్ళమని నా మాటగా చెప్పండి.

ప్రశ్న: లద్దాఖ్ సరస్సుల నీళ్ళు తాగొచ్చా, ఈత కొట్టొచ్చా, ఒడ్డునే టెంట్ వేసుకోవచ్చా?

జవాబు: మూడూ వద్దు. పాంగాంగ్, త్సో కర్ సరస్సుల నీళ్ళు ఉప్పన, త్సో మోరీరీవీ తాగడానికి బాగుండవు. వాగు నీళ్ళు పట్టుకుని మరగబెట్టుకోండి, ఆ ఎత్తులో నీళ్ళు దాదాపు 85 డిగ్రీలకే మరుగుతాయి కాబట్టి మూడు నిమిషాలైనా తెర్లనివ్వండి. ఈతకి దిగితే ఆ చలికి నిమిషాల్లో చేతులు కాళ్ళు మాట వినవు. ఇక ఒడ్డున టెంటు. త్సో మోరీరీ 2002 నుంచి రామ్‌సర్ చిత్తడి నేల, అంటే అంతర్జాతీయ ఒప్పందం కింద కాపాడాల్సిన చోటు, త్సో కర్‌కి 2020లో ఆ గుర్తింపు వచ్చింది. తలమీద నల్ల చారలుండే బాతులు, నల్లమెడ కొంగలు ఎండాకాలం అక్కడికి వచ్చి గూళ్ళు పెడతాయి. కోర్జోక్‌లో ఒకరోజు పొద్దున్నే చూశాను, తల్లి బాతు వెనక ఐదు పిల్లలు వరసగా నీళ్ళలోకి దిగుతున్నాయి, ఫొటో కోసం ఒకాయన పది అడుగులు ముందుకి వేయగానే వరస చెదిరిపోయింది, ఒక పిల్ల చాలాసేపు ఒంటరిగా అరుస్తూనే ఉంది. దూరం నుంచి చూడండి, బైనాక్యులర్స్ తీసుకెళ్ళండి. మిగిలిన తిండి అక్కడ పారేయకండి, దానికోసం వచ్చే ఊరకుక్కలు కొంగల గూళ్ళ మీద పడుతున్నాయి. టెంటు ఊరి పక్కన, వేసుకోమని చూపించిన చోటే వేసుకోండి.